జోడెడ్ల తాళం, మేడం తాళం

పోయిన వారం కోమల క్యాంటీన్లకు ఉరికొచ్చి, "హెప్సిబా, నీ తాళం తెరిచిన, పైకి రా" అన్నకాడ ఆపిన. వారమంత కామెంట్లల్ల నన్ను తిట్టినోళ్లు తిట్టిండ్రు, బతిలాడినోళ్లు బతిలాడిండ్రు. ఇగ రండ్రి, పైకి పోదాం.

గీ వారమే కొత్తగ చేరినోళ్ల కోసం ఒక్క ముచ్చట. తాళమంటే ఇనుప తాళం కాదు. కరీంనగర్ యూనివర్సిటీల మమతారాణి మేడం లెక్కల క్లాసుల తాళమంటే ఒక అంకె. రెండు ప్రైమ్ నంబర్లు మనసుల పెట్టుకోవాలె. ప్రైమ్ అంటే తెల్సు గదా, ఒకటితోటి, తనతోటి తప్ప ఇంక దేనితోటి తెగనిది. ఏడు, పదకొండు, పదమూడు గసొంటియి. గా రెంటిని గుణిస్తే వచ్చిన పెద్దంకెను బోర్డు మీద అందరికి కనవడేటట్టు రాయాలె. గదే తాళం. దాన్ని చూసి లోపటి రెండంకెలు ఏందో పట్టుకుంటే తెరిచినట్టు. గుణించుడు ఎవ్వలికైన వస్తది. మల్ల విడగొట్టుడే తిప్పలు. మనం ఫోన్ల పైసలు కొడితే నడుమల ఎవ్వడు ఎత్కపోకుంట కాపాడేది గసొంటి తిప్పలే. క్రిప్టోగ్రఫీ అనే సదువుకు గిదే పునాది అని మేడం మొదటి రోజే చెప్పింది. పోవుడు అలక, ఏం తిప్పల లేదు, మర్రి తిరిగి వచ్చుడే కష్టం.

ఆ శనివారం పోటీ. జోడీలు జోడీలుగ పొద్దుగాల తాళాలు పెట్టిండ్రు, సాయంత్రం బెల్లు దాక ఒకరిది ఒకరు తెరువాలె. ఫోన్లు, కంప్యూటర్లు బంద్. కాగితం, పెన్ను, కిరాణం కొట్టుల ఉంటది సూడు గసొంటి చిన్న కాలిక్యులేటర్. క్లాసుల ఉన్న అందరి ఫోన్లు అటెండర్ ఐలవ్వ ఒళ్లె బిస్కిట్ల డబ్బల ఉన్నయి. ఎక్కువ తాళాలు తెరిచిన జోడీని మేడం ఎండకాలం హైద్రాబాద్ తీస్కపోతది, పెద్ద పెద్ద లెక్కలోళ్ల నడుమ కూసుండవెడ్తది. బోర్డుకు పైన మూలకు మేడం సొంత తాళం గూడ ఒకటి ఉంటది. ఏటేటా కొత్తది పెడ్తది. ఇంతవరకు ఏ బ్యాచోళ్లు తెరువలే. అది తెరిచినోళ్లకు మాత్రం వేరే లెక్కతోటి పని లేదు, సీదా హైద్రాబాదే.

మన హెప్సిబాకు గా హైద్రాబాద్ ఎందుకు గంత ముఖ్యమో పాతోళ్లకు ఎరుకే. వాళ్లవ్వ, అంటే కన్నతల్లి, ప్రేమమ్మ మందమర్రిల బస్సెక్కిచ్చుకుంట తేల్చి చెప్పింది. "ఎమ్మెస్సీ అయిపోవట్టె. మేడం తీస్కపోతే పో, ఇంకా సదువు. లేకుంటే కాగజ్‌నగర్ల మీ మేనమామ చెప్పిన బడిల టీచరమ్మగ చేరుడే. మల్ల ఏడ్వద్దు." హెప్సిబా ఒప్పుకున్నది. బస్సు కదులుతుంటే ఏం ఒప్పుకున్నదో గప్పుడు ఎరుకైంది.

సరే. కోమల వెంబడి మెట్లు రెండేసి ఎక్కుకుంట క్లాసులకు పోయింది. ఛాయ్ గ్లాసు చేతులనే ఉన్నది, దాని సోయి లేదు. ఎనుక రంజిత్ సమోస నములుకుంట వచ్చిండు. వేములవాడ పక్కన ఊరు ఆయనది. బాపు మస్కట్‌ల ఉంటడు, ఈయన తాత అంతయ్య తాన పెరిగిండు.

బోర్డు మీద వాళ్ల తాళం రంజిత్ వంకర రాతల అట్లనే ఉన్నది. 2,17,15,591.

"కాయ్ ఝాలా, ఏమాయె హెప్సీ? మొఖం గట్ల పెట్టినవ్?" అన్నది కోమల సాక్‌పీసు ఎగరేసుకుంట. కోమలది ఆదిలాబాద్, ఇంట్ల సగం మరాఠి నడుస్తది, నవ్వొచ్చిందంటే నోట్లె మరాఠే వస్తది. "పొద్దుగాల్నే తెరిచిన నేను. తిననియ్యి పాపం, కడుపు నిండినంక చెప్పుదామని ఆగిన."

"ఒట్టిది," అన్నడు రంజిత్. "వారం ఎతికినం గా అంకెల కోసం."

"గట్లనా? హెప్సీ, నీ తాళానికి వర్గమూలం తియ్యి."

హెప్సిబా గ్లాసు బల్ల మీద పెట్టి కాలిక్యులేటర్ కొట్టింది. 4659 వచ్చింది, పక్కన చుక్క, చుక్క ఎనుక తొమ్మిది, తొమ్మిది, తొమ్మిది. అంటే 4660కు ఎంట్రుకంత తక్కువ.

"4660ని 4660 తోటి గుణించు."

"2,17,15,600."

"దాంట్లకెళ్లి మీ తాళం తీసెయ్."

హెప్సిబాకు గప్పటికే చెవులు ఎర్రగైనయి. "తొమ్మిది," అన్నది మెల్లగ.

"తొమ్మిదంటే మూడు మూళ్లు. ఏ స్క్వేర్ మైనస్ బీ స్క్వేర్ బడిల సదివినమా లేదా? 4660కి మూడు కలుపు, మూడు తియ్యి." కోమల బోర్డు మీద పెద్దగ రాసింది. 4663. 4657. "అయిపాయె. నాకు మీ తాళం తెరిచేదానికన్న గీ సాక్‌పీసు ఎతికేదానికి ఎక్కువ సేపు పట్టింది."

క్లాసంత గొల్లున నవ్వింది. ఎనుక బెంచి కాడ నిలవడ్డ మమతారాణి మేడం గూడ నవ్వు ఆపుకున్నది. మేడంకు యాభై ఉంటయి. తెల్ల చుక్కల చీర, కండ్లద్దాలు, మాటంత పుస్తకంల ఉన్నట్టు ఉంటది. ఏ ఊరో ఎవ్వలికి తెల్వది. అడిగితే, "యూనివర్సిటీ క్వార్టర్సే మా ఊరు" అంటది.

"ఫెర్మా అనే పెద్దాయన ఎప్పుడో చూపించిన దారి ఇది," అన్నది మేడం. "రెండు ప్రైమ్‌లూ పక్కపక్కనే ఉంటే, మధ్యలో నిలబడినవాడికి రెండూ అందుతాయి. ఇది నేను క్లాసులో చెప్పాను కూడా. అయినా ఇంత దగ్గరగా ఎందుకు పెట్టారు?"

హెప్సిబా రంజిత్ దిక్కు చూసింది. అంకెలు ఎతికింది ఆయన. గుణించింది ఈమె.

రంజిత్ సమోస చెయ్యి ప్యాంటుకు తుడుసుకున్నడు. "మేడం, మా తాత సంతల ఎడ్లు కొంటడు. జోడంటే ఎత్తు కలువాలె, కొమ్ము కలువాలె, నడక కలువాలె అంటడు. ఒకటి పొట్టిది ఒకటి పొడుగుది కడితే కాడి ఒక దిక్కుకు ఒరుగుతది, నాగలి సాగది. తాళం గూడ రెండంకెల జోడే గదా అని..." కొద్దిగ ఆగిండు. "ఎంత దగ్గరియి దొరికితే గంత మంచిదనుకున్న. ఆరు తేడాతోటి దొరికినయి. మా తాతకు గూడ ఫోన్ చేసి చెప్పిన, మంచి జోడు పట్టినవ్ బిడ్డా అన్నడు."

ఇగ జూడుండ్రి. ముంగటి బెంచోళ్లు బల్లలు గుద్దిండ్రు. ఐలవ్వ గడప కాడికెళ్లి, "ఎడ్లు ఏ సంతల పట్టిండ్రు పిలగా?" అన్నది.

"నువ్వు కాడి కట్టినవ్," అన్నది కోమల, "నేను నడుమల నిలవడి రెండు ముక్కుతాళ్లు పట్టుకున్న."

హెప్సిబాకు కోపం రావాలె. కాగజ్‌నగర్ బడి, చేతుల బెత్తం, ఒకటో ఎక్కం, అన్ని కండ్ల ముంగట తిరిగినయి. మల్ల రంజిత్ మొఖం చూసింది. సంతల మంచి జోడు పట్టుకొచ్చి, ఇంటికొచ్చినంక అవి రెండు ఆవులని ఎరుకైనోని తీరుగ ఉన్నడు. నవ్వు ఆగలే. బల్ల మీద తల పెట్టి నవ్వింది.

"తాళం పోయినవాళ్లు కొత్త తాళం పెట్టాకే వేరేవాళ్లవి ముట్టుకోవాలి," అన్నది మేడం. "అది రూలు. ఇంకోటి, వంద సార్లు చెప్పాను, మళ్లీ చెబుతున్నా. మనసుకు దగ్గరైన అంకె పెట్టకండి. పుట్టినరోజు, బండి నంబరు, ఇంటి నంబరు. మిమ్మల్ని ఎరిగినవాడు మొదట అదే పట్టుకుంటాడు. అంకె ఎవరికీ చుట్టం కాకూడదు."

ఇద్దరు కిటికీ కాడికి పోయి కూసున్నరు.

"తిట్టు," అన్నడు రంజిత్.

"తిడితే అంకెలొస్తయా? గీ సారి నీ జోడెడ్లు వద్దు. ఒకటి నేను చెప్త, ఒకటి నువ్వు. ఒకదానికి ఒకదానికి పొత్తే ఉండొద్దు."

"బొగ్గుబాయి పిల్ల ఒక దిక్కు, ఎవుసం పిలగాడు ఒక దిక్కు. మనలెక్క."

"నోరు మూసుకొని అంకె చెప్పు."

రంజిత్ అంకెలు గీకుకుంట గీకుకుంట 9371 పట్టుకున్నడు. తెగుతదా తెగదా అని అన్నిటితోటి భాగించి చూసిండు, తెగలే. హెప్సిబాకు ఎతుకుడే అక్కరలేకుండె. నోటికి వచ్చేసింది. "3467."

"ప్రైమేనా?"

"నా సిన్నప్పటి సంది ప్రైమే."

గది వాళ్ల చిన్నబాపు, అంటే బాపు తమ్ముడు, సాల్మన్ ల్యాంపు నంబర్. బొగ్గుబాయిల దిగేముంగట ల్యాంపు రూం కాడ ఒక్కొక్కలకు టోపీకి పెట్టుకునే ల్యాంపు ఇస్తరు. ఎవ్వలి నంబర్ వాళ్లదే, రిటైరయ్యే దాక. బాయిపనోళ్లకు పేరు ఎంతనో నంబర్ గంత. సాల్మన్ చిన్నబాపుకు గా నంబర్ అంటే మస్తు గర్వం. "నా నంబర్ను ఏ అంకె తెంపలేదు బిడ్డా," అంటడు. "నాకేమెరుక? ల్యాంపు రూం కైలాసం బిడ్డ చెప్పింది. బడి ఇడిశినంక వాళ్ల బాపు తాన కూసుండి లెక్కలు చేసేది. నన్ను ఎన్నడు పేరు పెట్టి పిలువలే. నన్ను చూడంగనే 'మూడు నాలుగు ఆరు ఏడు వచ్చిండు' అని మోగిచ్చేది. నేను, 'వచ్చిన, ల్యాంపు ఇయ్యి' అనేటోణ్ణి. గంతే మా ముచ్చట." గామె ఏమైంది అని అడిగితే, "పెద్ద సదువులకు పోయింది," అని అక్కడికి లేచి చర్చిపాట అందుకునేటోడు. అది గూడ తప్పే పాడుతడు. రెండో చరణం మింగి సీదా మూడోది ఎత్తుకుంటడు. ఆదివారం చర్చి మైకుల కాలనీ కాలనీ వింటది, పాస్టర్ చెప్పి చెప్పి ఇడిశిపెట్టిండు. పెండ్లి చేసుకోలే. సంబంధం తెచ్చినోళ్లకు ఛాయ్ పోసి, కుర్చేసి, నవ్వుకుంట తోలిచ్చుడే.

మేడం వద్దన్న పనే చేస్తున్ననని హెప్సిబాకు ఎరుకే. మల్ల మనసుల అనుకున్నది, మందమర్రిల ఒక బాయిపనోని ల్యాంపు నంబర్ కరీంనగర్ల ఎవ్వలికి ఎరుక?

గుణించి రాసిండ్రు. 3,24,89,257. గీ సారి కోమల వచ్చి వర్గమూలం తీసి, పైకి ఒక పది అంకెలు, ఇరువై అంకెలు చూసి, "అబ్బో, జోడు కుదరలే," అని మూతి తిప్పుకొని పోయింది.

మల్ల ఉన్న తాళాల మీద పడ్డరు ఇద్దరు. ఒకటి తెరిచిండ్రు. ఇంకోటి సగం దాక వచ్చేవరకు ఎవ్వలో ముంగటనే తెరిచేసిండ్రు. పొద్దు కిటికీలకెళ్లి బల్ల మీదికి వచ్చింది. కోమల జోడీ అందరికన్న మీద ఉన్నది, ఇంక అందుకునుడు అయ్యేది కాదు. బోర్డు మీద తెరువంది మేడం తాళం, వీళ్ల కొత్త తాళం, ఇంకొకటో రెండో.

మేడం తాళం 2,74,55,173.

"వర్గమూలం చూసినవా?" అన్నది హెప్సిబా.

"చూసిన. మేడం ఎడ్లు కట్టలే."

హెప్సిబా పెన్ను చెవి మీద పెట్టుకొని బోర్డును చూసుకుంట కూసున్నది. లోపటికి పోయే దారి లేని అంకె. విడగొట్టుడు కష్టమని మేడం చెప్పినప్పుడు అది మాటే. గిప్పుడు అది గోడ లెక్క ముంగట నిలవడ్డది. గా గోడ మీద గూడ గామెకు కోపం రాలే. ముచ్చటైంది. లోపట రెండే రెండు అంకెలు, బయటికి గింత కోట. గిసొంటిది సదువనియ్యకుంట ఒకటో ఎక్కం చెప్పుమంటే ఎట్ల?

"గసాభా చేద్దామా?" అన్నది.

"ఏది, ఆరో తరగతిదా? గరిష్ఠ సామాన్య భాజకం? గంత అలక తాళం మేడం పెడ్తదా?"

"ఒక్కదాన్ని విడగొట్టుడు కష్టం రంజిత్. రెండు తాళాలల్ల ఒకటే అంకె ఉంటే మాత్రం, విడగొట్టకుంటనే గా అంకె బయటికొస్తది. పెద్దదాంట్లకెళ్లి చిన్నది తీసుకుంట, మిగిలినదాంతోటి మల్ల తీసుకుంట పోవుడే. మేడం మొదటి వారమే చెప్పింది. మేడం తాళాన్ని బోర్డు మీదున్న ఒక్కొక్కదాంతోటి చేస్త. ఎవ్వలన్న ఒకలు కలుస్తరేమో."

"కలువరు."

"కలువకపోతే ఇంటికి పోత. ముంగట మన తాళంతోటి చేసి చెయ్యి సరిచేసుకుంట. ఒకటి రావాలె, వస్తే నా లెక్క సరిగ్గ ఉన్నట్టు."

పెద్దదాంట్లకెళ్లి చిన్నది తీసింది. 50,34,084. చిన్నదాంట్లకెళ్లి దాన్ని తీసుకుంట పోయింది. మిగిలినదాంతోటి మల్ల. అంకెలు మెట్లు దిగినట్టు దిగుతున్నయి. లక్షలు పోయినయి, వేలు వచ్చినయి. 38,137. తర్వాత 6,934. తర్వాత, ఒకటి వస్తదని పెన్ను రెడీ పెట్టుకున్నది.

3,467 వచ్చింది. ఆ తర్వాత సున్న.

"తప్పు చేసిన," అన్నది. "మన అంకెనే మల్ల వచ్చింది. యాడనో మన తాళాన్నే రెండు సార్లు రాసినట్టున్న."

రంజిత్ ఆ కాగితం బోర్లేసి, తెల్ల కాగితం తీసుకొని మొత్తం తను చేసిండు. చేసుకుంట చేసుకుంట గోరు నములుడు ఆపిండు. ఆయనకు గూడ 3,467 వచ్చింది. కాలిక్యులేటర్ల మేడం తాళాన్ని 3467 తోటి భాగించిండు. నిండుగ 7919. చుక్క లేదు, తోక లేదు.

ఇద్దరు ఒకరినొకరు చూసుకున్నరు.

"హెప్సీ," అన్నడు రంజిత్ గుసగుసగ, "మీ చిన్నబాపు మేడం తాళంల ఎందుకున్నడు?"

"నాకేమెరుక?"

"చెప్పితే మన తాళం గూడ పోతది."

"పోనీ. ఎడ్లు పోయినా నవ్వుకున్నం, గిది పోతే ఏడుస్తమా?" అని లేచి బోర్డు కాడికి పోయింది. గట్టిగ ఒత్తేసరికి సాక్‌పీసు రెండు ముక్కలైంది. మేడం తాళం కింద రాసింది. 3467. 7919.

ముంగటి బెంచోళ్లు కాలిక్యులేటర్లు అందుకున్నరు.

"గుణించి చూపియ్," అన్నది కోమల లేచి నిలవడి. హెప్సిబా గుణించింది. ఆఖరి అంకె పడంగనే కోమలనే అందరికన్న ముందు చప్పట్లు కొట్టింది. "నేను పొద్దటి సంది తాళాలు తెరుసుకుంట మెట్టు మెట్టు ఎక్కుతుంటే, గీమె సీదా మిద్దె మీద దిగింది," అన్నది. ఇగ క్లాసంత లొల్లి. ఐలవ్వ బిస్కిట్ల డబ్బ మీద దరువేసింది, లోపట ఫోన్లు గలగలమన్నయి.

మేడం మాత్రం కదలలే. బోర్డు మీది 3467నే చూస్తున్నది.

"ఎలా తెరిచారు?" అన్నది.

"గసాభా మేడం. మీ తాళం, మా తాళం కలిపి చేసిన."

"అంటే మీ తాళంలో కూడా..."

"అవును మేడం. మీరు వద్దన్నా మనసుకు దగ్గరిదే పెట్టిన. గది మా చిన్నబాపు నంబర్."

"ఏం నంబరు?"

"ల్యాంపు నంబర్. మందమర్రిల, బాయి కాడ."

మేడం కుర్చి దగ్గరికి గుంజుకొని కూసున్నది. కండ్లద్దాలు తీసి కొంగుతోటి తుడిచింది, పెట్టుకున్నది, మల్ల తీసింది. రంజిత్ ఊకుంటడా? "మేడం, అంకె ఎవ్వలికి చుట్టం కావద్దని మీరే అన్నరు గదా," అన్నడు. క్లాసంత మల్ల నవ్వింది. మేడం గూడ నవ్వింది. నవ్వుతుంటే కండ్లల్లకెళ్లి నీళ్లు వచ్చినయి, అయినా నవ్వుడు ఆగలే. ఏటేటా ఒక అంకె మార్చుకుంట, రెండో అంకె మాత్రం మార్చకుంట పెడుతున్నదని గప్పుడు ఎవ్వలికి ఎరుక లేదు, ఒక్క గామెకు తప్ప.

మల్ల మేడం నోరు తెరిచింది. గా నోట్లెకెళ్లి పుస్తకం మాట రాలే.

"నువ్వు సాల్మన్ బిడ్డవా?"

హెప్సిబా గిరుక్కున మేడం దిక్కు తిరిగింది. గది సీదా కాలనీ మాట. వాళ్లవ్వ మాట్లాడే మాట.

"కాదు మేడం. సాల్మన్ మా చిన్నబాపు. నేను బెంజమిన్ బిడ్డను."

"సాల్మన్ పిల్లలేం చేస్తుండ్రు మరి?"

"చిన్నబాపు పెండ్లే చేసుకోలే మేడం."

మేడం సాక్‌పీసు ముక్కను బల్ల మీద అటు దొర్లిచ్చింది, ఇటు దొర్లిచ్చింది. తలకాయ ఎత్తకుంటనే అడిగింది. "ఇంకా రెండో చరణం మింగుతుండా?"

గప్పుడు హెప్సిబాకు ఎరుకైంది. ల్యాంపు రూం కైలాసం బిడ్డ. బాపు పక్కన కూసుండి లెక్కలు చేసిన పిల్ల. పెద్ద సదువులకు పోయిన పిల్ల. గీడ, మూడు నెలల సంది రోజూ ముంగటనే నిలవడి పాఠం చెప్తున్నది.

"మింగుతుండు మేడం. పాస్టర్ గూడ ఇడిశిపెట్టిండు."

"హైద్రాబాద్ మీరిద్దరే వస్తుండ్రు," అన్నది మేడం, లోపటి సంగతి దాసుకునేటందుకు ఏదో ఒకటి అనాలె గనుక అన్నట్టు. "ఐలవ్వా, ఈ పిల్ల ఫోన్ ఇయ్యి."

ఐలవ్వ డబ్బ తీసి ఫోన్ ఇచ్చింది. క్లాసుల ఒక్కలు లేవలే. బెల్లు కొట్టింది, అయినా లేవలే.

హెప్సిబా ఫోన్ కలిపింది. రెండు రింగులకే ఎత్తిండు సాల్మన్. ఎనుక పొయ్యి మీద ఏదో పొంగుతున్న సప్పుడు.

"ఏం బిడ్డా, ఏమాయె? కాగజ్‌నగరా, హైద్రాబాదా?"

"హైద్రాబాద్ చిన్నబాపు. నీ నంబర్‌తోటి గెలిచిన."

"అగో, నేను చెప్పలేదా, దాన్ని ఎవ్వలు తెంపలేరని. వదినా, గెలిచిందట మన పిల్ల..."

"చిన్నబాపు, జర ఆగు. నీతోటి ఒగామె మాట్లాడుతదట." స్పీకర్ పెట్టి ఫోన్ బల్ల మీద పెట్టింది.

మేడం ఫోన్ మీదికి వంగింది. కొంగు నడుముకు చెక్కుకున్నది, పదిహేనేండ్ల పిల్ల లెక్క నిటారుగ కూసున్నది. కూసుండి మోగిచ్చింది.

"మూడు నాలుగు ఆరు ఏడు వచ్చిండా?"

అవుతల పొయ్యి మీది పొంగు పొంగుతనే ఉన్నది, ఎవ్వలు పట్టించుకుంటలేరు. కోమల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నది. రంజిత్ ఫోన్ దిక్కు ఒంగి ఒంగి బెంచి మీదికెళ్లి పడవోయిండు.

మల్ల, చర్చిల ఎన్నడు సరిగ్గ ఎత్తుకోని గొంతు, గీ సారి మెల్లగ, ఒక్క అక్షరం తప్పు పోకుంట వచ్చింది.

"వచ్చిన. ల్యాంపు ఇయ్యి."

ఏందో కింద పడ్డ సప్పుడు. గంటె గావచ్చు. ఆ తర్వాత అడుగుల సప్పుడు, తలుపు సప్పుడు, బండి కిక్కు కొట్టిన సప్పుడు. "చిన్నబాపూ, చిన్నబాపూ," అని హెప్సిబా పిలుస్తనే ఉన్నది. ఆఖరికి ఫోన్ల ప్రేమమ్మ వచ్చింది.

"ఏం చెప్పినవే వానికి? ఫోన్ పొయ్యి కాడ పారేసి బండేసుకొని ఉరికిండు. కాలుకొక తీరు చెప్పు తొడిగిండు. యాడికి అంటే కరీంనగర్ అంటడు. పప్పు మాడవట్టె ఈడ."

"అవ్వా, ఆపు ఆయన్ను. మేడంను మాట్లాడమంట..." అని హెప్సిబా ఇటు తిరిగింది.

కుర్చి ఖాళి. బల్ల మీద సాక్‌పీసు ముక్క ఒక్కటి మిగిలింది.

"మేడం యాడికి పోయింది?"

కిటికీ కాడ నిలవడ్డ కోమల కిందికి చూస్తున్నది. నవ్వాల్నో ఏం చెయ్యాల్నో తెల్వక కిటికీ ఊచలు పట్టుకున్నది.

"గేటు కాడ ఆటో ఎక్కింది," అన్నది. "బస్టాండ్ పోనియ్యి, మంచిర్యాల బస్సు అందాలె, ఆడికెళ్లి మందమర్రి పోవాలె అని ఒర్రుతున్నది. హెప్సీ, ఆమె గిటుకెళ్లి పోవట్టె, ఆయన గటుకెళ్లి రావట్టె. ఆయన ఫోనేమో పొయ్యి కాడ ఉన్నది."

గడప కాడ ఐలవ్వ బిస్కిట్ల డబ్బ మూత తీసి లోపటికి చూసింది. పిలగాండ్ల ఫోన్ల నడుమలకెళ్లి ఒకటి ఏరింది. ఎత్తి అందరికి చూపిచ్చింది.

"మేడంది గూడ ఈడనే ఉన్నది బిడ్డా."